సుదీర్ఘ గణనలలో మెమరీ యాజమాన్యం

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి సమీపంలోని బౌద్ధనగర్‌లో అద్దె గదిలో ఉండి చదువుకునే పరిశోధక విద్యార్థికైనా, నగరానికి ఆవలి కొసన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ వసతి గృహంలో ఉండే విద్యార్థికైనా నేడు ప్రయోగశాలలో సగభాగం ల్యాప్‌టాపే. పంట నమూనాను వేల పర్యాయాలు నడపడం, మార్కర్ల ప్రభావాలను అంచనా కట్టడం, ఒకే సమీకరణాన్ని మండలానికొకసారి సాధించడం వంటి పనులన్నీ దానిమీదనే జరుగుతున్నాయి. సాయంత్రం గణన ప్రారంభించి, రాత్రంతా నడవనిచ్చి, ఉదయం ఫలితం చూసుకోవడం వాడుకగా మారింది. ఉదయం తెరపై ఫలితానికి బదులుగా మెమరీ చాలలేదన్న సందేశం కనిపించడం కూడా దాదాపు అంతే వాడుక.

తొలకరి ఆలస్యమైన సంవత్సరంలో ఈ నష్టం విద్యార్థితో ఆగదు. జూలై రెండవ వారానికి కూడా పదును వర్షం పడని మండలాలలో పత్తికి బదులు ఏ పంట వేయాలో, ఎన్ని రోజుల రకం ఎంచుకోవాలో విస్తరణ శాస్త్రవేత్త చెప్పవలసి వచ్చినప్పుడు అతనికి ఉండే వ్యవధి కొద్ది రోజులే. ఆ రోజులలో రెండు రాత్రులు గణన మధ్యలో ఆగిపోతే, సలహా రైతుకు చేరేసరికి విత్తే అదను దాటిపోతుంది.

ఈ వైఫల్యంలో ఒక విశేషం ఉంది. ఏ ఒక్క ఆవృత్తిలోనూ దోషం కనిపించదు. పది పర్యాయాలు నడిపి చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది; వంద పర్యాయాలు నడిపినా అంతే. పదివేలవ ఆవృత్తి చేసే పని మొదటి ఆవృత్తి చేసిన పనే, అయినా యంత్రం అక్కడ కూలబడుతుంది. మొదట స్ఫురించే ఉపాయం మరింత మెమరీ ఉన్న కంప్యూటర్ కొనడం. కొన్ని సందర్భాలలో అది సరైనదే కావచ్చు. కాని ఎక్కువ సందర్భాలలో లోపం యంత్రం పరిమాణంలో ఉండదు. గణన ముగిసేసరికి చేతిలో మిగలవలసినది ఏమిటన్న ప్రశ్నకు గణన చేసేవారు ముందుగా సమాధానం చెప్పుకోకపోవడమే అసలు లోపం.

తెలంగాణకు ఒక లెక్క

తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. దీనిని 5 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు గల గళ్లుగా విభజిస్తే సుమారు 4,480 గళ్లు వస్తాయి. ప్రతి గడికి 30 సంవత్సరాల వాతావరణ వివరాలతో, ఆరు విత్తే తేదీలతో మొక్కజొన్న నమూనాను నడిపితే ఆవృత్తులు 8,06,400. పంటకాలం 120 రోజులు అనుకుందాం. ప్రతి రోజుకు పత్ర విస్తీర్ణం, పొడి పదార్థం, నేల పొరలలోని తేమ, నత్రజని వంటి 20 విలువలు వస్తాయనుకుందాం. ఒక్కొక్క విలువకు 8 బైట్ల చొప్పున ఒక ఆవృత్తికి 19,200 బైట్లు అవుతాయి. విడిగా చూస్తే ఇది లెక్కలోనికే రాదు. ఫోనులోని ఒక ఛాయాచిత్రం ఇంతకంటే ఎంతో పెద్దది. కాని అన్ని ఆవృత్తులనూ కలిపితే 1,548 కోట్ల బైట్లు, అనగా సుమారు 15.5 గిగాబైట్లు. 8 గిగాబైట్ల ల్యాప్‌టాప్ సగం దూరమైనా రాదు. 16 గిగాబైట్లది చివరిదాకా రావడం అనుమానమే, ఎందుకంటే ఆపరేటింగ్ వ్యవస్థ తన వాటా తాను ముందే తీసుకుంటుంది.

ఇప్పుడు ఈ గణన ఎందుకు చేస్తున్నామన్న ప్రశ్న వేసుకోవాలి. ఏ గడిలో ఏ తేదీకి విత్తితే దిగుబడి ఎంత, అది ఏటేటా ఎంత మారుతుంది అన్నవే కావలసినవైతే, ఆవృత్తికి ఒకే ఒక్క విలువ చాలు. అప్పుడు మొత్తం నిల్వ 64.5 లక్షల బైట్లు. ఒక సినిమా పాట ఫైలు అంత. మునుపటి దానిలో ఇది 2,400వ వంతు. నమూనాలోని ఏ సమీకరణమూ మారలేదు, యంత్రమూ మారలేదు.

పంట నమూనాలను రూపొందించినవారు ఈ సంగతి ఎరుగుదురు. డీశాట్ నమూనా ఆవృత్తికి ఒక వరుస చొప్పున సారాంశ ఫైలును రాస్తుంది. రోజువారీ వివరాలు వేరే ఫైళ్లలోనికి పోతాయి, అక్కరలేదనుకుంటే వాటిని ఆపివేయవచ్చు. పైగా అది ఎప్పటికప్పుడు ముగిసిపోయే ప్రత్యేక ప్రోగ్రాము కనుక తన మెమరీని తానే వదిలిపెడుతుంది. ఇబ్బంది సాధారణంగా దానిని వేల పర్యాయాలు పిలిచే ఆర్ లేదా పైథాన్ పొరలో పుడుతుంది. ఎప్పటికైనా పనికివస్తుందేమోనని రోజువారీ ఫైలును కూడా చదివి జాబితాలో దాచుకునే అలవాటే దానికి మూలం.

ఇటువంటి ప్రశ్నను హైదరాబాదు పరిసరాలలో నలభై ఏళ్ల క్రితమే మరొక దిక్కు నుండి అడిగారు. 1983 మార్చిలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కేంద్రంలో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఒక ప్రదేశంలోని ఫలితాన్ని మరొక ప్రదేశానికి అన్వయించడానికి నేల, వాతావరణం, పంట, యాజమాన్యాలకు సంబంధించి కనీసం ఏ వివరాలు సేకరించాలన్నది అక్కడ చర్చాంశం. దానికి కనీస దత్తాంశ సమితి అని పేరు. డీశాట్ ఆ ఆలోచనాధారలోనిదే. నమూనాలోనికి పంపే వివరాల విషయంలో మన విద్యార్థులు ఆ క్రమశిక్షణను శ్రద్ధగానే పాటిస్తారు. నమూనా నుండి బయటికి వచ్చే వివరాల దగ్గరకు వచ్చేసరికి దానిని మరచిపోతారు.

ఉస్మానియా చరిత్రలో దీనికి మరొక పాత పోలిక దొరుకుతుంది. 1919లో విశ్వవిద్యాలయం అధీనంలోనికి వచ్చిన బేగంపేట నిజామియా వేధశాల, ప్రపంచంలోని పలు వేధశాలలు పంచుకున్న నక్షత్ర పట్టిక నిర్మాణంలో పాల్గొని, ఏడు లక్షల 63 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు లేని కాలమది. ఆ పట్టికలో ప్రతి ఛాయాచిత్ర ఫలకమూ దానికదే ఒక ప్రమాణం: ఫలకంలోని నక్షత్రాల కొలతలు, ఆ ఫలకానికి చెందిన కొద్దిపాటి స్థిరాంకాలు. ఒక ఫలకం లెక్క ముగిశాక ముందుకు సాగడానికి దాని చిత్తు ప్రతులతో పని లేదు.

చేర్చుకుంటూ పోవడంలోని ఖర్చు

దాచుకునేది తక్కువే అయినా, దాచే పద్ధతి వల్ల గణన కుంటుపడవచ్చు. ఆర్ భాషలో ఖాళీ పట్టికతో మొదలుపెట్టి, ప్రతి ఆవృత్తి చివర ఆర్‌బైండ్‌తో ఒక వరుస అతికించడం విద్యార్థుల ప్రోగ్రాములలో తరచుగా కనిపిస్తుంది. చూడడానికి నోటు పుస్తకంలో మరొక వరుస రాసినట్లే ఉంటుంది. యంత్రం చేసేది అది కాదు. పాత పట్టిక మొత్తాన్ని కొత్త చోటికి నకలు రాసి, చివర ఒక వరుస చేరుస్తుంది. ఆ నకళ్లు 1, 2, 3 అంటూ పెరిగి మొత్తం ఆవృత్తుల వర్గంలో సగానికి చేరుతాయి. పై ఉదాహరణలోని 8,06,400 ఆవృత్తులకు ఇది 32,500 కోట్ల వరుసల నకలు. అంతేగాక, నకలు జరిగే క్షణంలో పాత పట్టిక, కొత్త పట్టిక రెండూ మెమరీలో ఉంటాయి. అందువల్ల తుది పట్టిక యంత్రంలో పట్టేంతే అయినా ప్రోగ్రాము ఆగిపోవచ్చు.

నివారణ సులభం. ఎన్ని ఆవృత్తులో తెలుసు కనుక అంత పొడవు గల పట్టికను ముందే సిద్ధం చేసి, గడులు నింపుకుంటూ పోవాలి. ఎన్నో తెలియనప్పుడు వరుసలను జాబితాలో ఉంచి చివర ఒక్కసారే కలపాలి, లేదా వెయ్యి వరుసలకు ఒకసారి ఫైలులోనికి దింపాలి. నారుమడి వేసేముందే పొలం ఎంతో కొలుచుకునే రైతుకు ఈ మాట చెప్పనక్కరలేదు.

ఏది చాలు?

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలో దిగుబడులన్నింటినీ దాచినా ఇబ్బంది లేదు. జన్యు సమాచారంతో చేసే గణనలలో ఆ వెసులుబాటు ఉండదు. 50,000 మార్కర్ల ప్రభావాలను గిబ్స్ పద్ధతిలో 50,000 ఆవృత్తులతో అంచనా కడితే, అన్ని విలువలనూ దాచడానికి 20 గిగాబైట్లు కావాలి. చివరకు వ్యాసంలో వేసేది ఒక్కొక్క మార్కరు ప్రభావపు సగటు, దాని విచలనం.

ఎంత దాచితే చాలు అన్నది సాంఖ్యక శాస్త్రంలో మౌలికమైన ప్రశ్న. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఫిషర్ దీనికి పర్యాప్తత అన్న భావనను ఇచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో ప్రచురించిన వ్యాసం ఆ భావనను మరింత బలపరచింది. పర్యాప్తమైన సంగ్రహం ఉన్నప్పుడు, ఏ నిష్పక్షపాత అంచనానైనా ఆ సంగ్రహం ఆధారంగా మెరుగుపరచవచ్చు, లేదా కనీసం అంతే మంచిగా నిలుపవచ్చు. నేడు దానిని రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు. సాధారణ విభాజనంలో లెక్కించిన సంఖ్య, మొత్తం, వర్గాల మొత్తం అనే మూడే ఆ సంగ్రహం. విలువలు లక్ష అయినా, కోటి అయినా మూడే.

అయితే వర్గాల మొత్తాన్ని ఉన్నదున్నట్లు కూడుతూ పోవడంలో ఒక చిక్కు ఉంది. విలువలు 10 కోట్ల దరిదాపులలో ఉండి, వాటి మధ్య తేడాలు ఒకట్ల స్థానంలోనే ఉన్నప్పుడు, వర్గాలు ఒకటి పక్కన 16 సున్నాల వరకు పోతాయి. 8 బైట్ల సంఖ్య 15, 16 అంకెలను మాత్రమే నమ్మకంగా నిలుపుకుంటుంది. రెండు పెద్ద మొత్తాలను తీసివేసినప్పుడు కావలసిన తేడా కాస్తా చెరిగిపోతుంది. విస్తృతి ఋణసంఖ్యగా వచ్చిన సందర్భాలు కూడా ఉంటాయి. 1962లో వెల్‌ఫర్డ్ ప్రచురించిన పద్ధతి ఈ చిక్కును తప్పిస్తుంది. కొత్త విలువ రాగానే పాత సగటు నుండి దాని తేడా కనుక్కోవాలి. ఆ తేడాను విలువల సంఖ్యతో భాగించి సగటుకు కలపాలి. తరువాత కొత్త సగటు నుండి కూడా తేడా కనుక్కొని, రెండు తేడాల లబ్ధాన్ని ఒక మొత్తంలో చేర్చాలి.

హెక్టారుకు 2,400, 2,520, 2,460, 2,700 కిలోల దిగుబడులు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయనుకుందాం. మొదటి విలువతో సగటు 2,400, మొత్తం సున్నా. రెండవదానితో తేడా 120, సగటు 2,460, కొత్త సగటు నుండి తేడా 60, మొత్తం 7,200. మూడవది సగటుతో సమానం కనుక ఏదీ మారదు. నాలుగవదానితో తేడా 240, సగటు 2,520, కొత్త తేడా 180, లబ్ధం 43,200, మొత్తం 50,400. దానిని మూడుతో భాగిస్తే విస్తృతి 16,800. నాలుగు విలువలను ఒకేసారి తీసుకొని లెక్కించినా ఇదే వస్తుంది. వచ్చిన విలువను వాడుకున్న వెంటనే విడిచిపెట్టవచ్చు. 50,000 మార్కర్లకు సగటు, మొత్తం రెండే దాచితే 8 లక్షల బైట్లు చాలు. 20 గిగాబైట్ల పని ఒక మెగాబైటులో ముగుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. సంగ్రహం పర్యాప్తమా కాదా అన్నది విభాజనంపై ఆధారపడుతుంది. వర్షాధార పంటల దిగుబడులు చక్కని సాధారణ విభాజనానికి లొంగవు. పంట పూర్తిగా పోయిన సంవత్సరాలు ఎడమ పక్కన కుప్పగా నిలుస్తాయి. రైతుకు ముఖ్యమైనది ఆ ఎడమ పక్కే. ఐదేళ్లలో ఒక చెడ్డ ఏడు ఎంత చెడ్డదన్నది సగటు, విస్తృతి చెప్పలేవు. అటువంటప్పుడు 0 నుండి 8,000 కిలోల వరకు 25 కిలోల చొప్పున 320 తరగతులు చేసి, ఏ తరగతిలో ఎన్ని పడ్డాయో లెక్క మాత్రం ఉంచుకోవచ్చు. సంవత్సరాలు 30 అయినా, కృత్రిమ వాతావరణంతో 30,000 అయినా పట్టిక పరిమాణం మారదు. అలాగే గిబ్స్ గణన నిలకడకు వచ్చిందా లేదా అని పరీక్షించడానికి విస్తృతి భాగాల వంటి నాలుగైదు రాశుల పూర్తి వరుస కావాలి. వాటిని దాచాలి. ఐదు రాశులకు 50,000 ఆవృత్తులంటే 20 లక్షల బైట్లే. అక్కడ పొదుపు చేయడం అవివేకం.

చర్చిల్, డోర్జ్ 1994లో సూచించిన ప్రస్తార పరీక్షలో విషయం ఇంకా తేలిక. క్యూటీఎల్ గుర్తింపుకు హద్దు నిర్ణయించడానికి దిగుబడులను మొక్కల మధ్య కలగాపులగం చేసి వెయ్యి పర్యాయాలు జన్యుపటమంతా గాలిస్తారు. 50,000 స్థానాల విలువలన్నీ దాచితే 40 కోట్ల బైట్లు. హద్దుకు కావలసినది ప్రతి పర్యాయంలోని గరిష్ఠ విలువ ఒక్కటే. వెయ్యికి 8,000 బైట్లు.

తెలియకుండా దాగినవి

ప్రోగ్రాము రాసినవారు దాచకపోయినా, వారి తరఫున దాచేవి కొన్ని ఉంటాయి. ఆర్‌లో ఒక ప్రతిగమన నమూనాను అమర్చి ఆ వస్తువును జాబితాలో ఉంచితే, గుణకాలతో పాటు మూల దత్తాంశం, అవశేషాలు, మధ్యంతర మాత్రికలు కూడా అందులోనే ఉండిపోతాయి. వెయ్యి అమరికలకు దత్తాంశం వెయ్యి పర్యాయాలు నిల్వ అవుతుంది. గుణకాలను తీసుకొని వస్తువును విడిచివేయడమే మార్గం. పైథాన్ నోట్‌బుక్ ప్రతి గడి చివరి ఫలితాన్ని ఔట్ అన్న పేరుతో దాచుకుంటుంది. మ్యాథమెటికా కూడా అంతే. దాని చరిత్ర పొడవు ఎవరూ మార్చకపోతే అనంతం, సున్నా చేస్తే పాత ఫలితాలు విడుదలవుతాయి. గడికొక పటం గీసి మూయకుండా వదిలితే మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇరవై దాటగానే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను అణచివేసే ఆజ్ఞను వెతకడం కంటే పటాన్ని మూయడం మేలు. ఒకసారి లెక్కించిన దానిని మళ్లీ లెక్కించకుండా దాచుకునే క్యాష్ ప్రమేయాలకు హద్దు పెట్టకపోతే అవీ ఇదే పని చేస్తాయి.

ఇటువంటి స్థితిలో లూప్ మధ్యలో జీసీ ఆజ్ఞను పదే పదే పిలవడం చాలామంది చేసే చికిత్స. వాడకంలో లేని మెమరీని ఆర్ తనంతట తానే ఊడ్చుకుంటుంది. ఏదో ఒక పేరుతో పట్టి ఉంచిన వస్తువును ఎన్నిసార్లు పిలిచినా ముట్టదు. పట్టు ఎక్కడుందో కనిపెట్టి వదలడమే చికిత్స.

అంకెలే పెరిగినప్పుడు

ఏదీ దాచకపోయినా మెమరీ పెరిగే సందర్భం ఒకటుంది. పురుగుల సంఖ్య తరతరానికి ఎలా మారుతుందో చెప్పే పరిమిత వృద్ధి సమీకరణాన్ని తీసుకుందాం: ప్రస్తుత నిష్పత్తిని, ఒకటిలో దాని శేషాన్ని, రెండును గుణిస్తే తరువాతి తరం నిష్పత్తి వస్తుంది. బీజగణిత ప్రోగ్రాములో 1/3తో మొదలుపెడితే 4/9, తరువాత 40/81, ఆపైన 3280/6561 వస్తాయి. విలువ 1/2 వైపు త్వరగా నడుస్తోంది. నాలుగవ పదానికే 0.4999 దాటింది. కాని భిన్నం ఎక్కడా సూక్ష్మీకరణ చెందదు. ప్రతి మెట్టులో హారం తన వర్గంగా మారి అంకెలు రెట్టింపవుతాయి. 20 మెట్ల తరువాత హారంలో 5 లక్షల అంకెలు, 30 మెట్ల తరువాత 51 కోట్ల అంకెలు ఉంటాయి. అర అన్న సమాధానం చెప్పడానికి యంత్రం నిండిపోతుంది. ఇక్కడ నిల్వలో ఉన్నది ఒకే ఒక్క సంఖ్య కనుక పాతవాటిని తొలగించి ప్రయోజనం లేదు. పురుగుల లెక్కలో మూడు అంకెల కచ్చితత్వం కూడా పొలంలో దొరకదు. దశాంశ సంఖ్యలతో మొదలుపెట్టి ఉంటే 8 బైట్లలో తేలిపోయేది. కచ్చితమైన భిన్నం నిజంగా అవసరమైన నిరూపణలలో మాత్రం ఎన్ని మెట్లు వేయగలమో ముందే అంచనా కట్టుకోవాలి.

కొలత, విభజన, పునఃప్రారంభం

పెరుగుదలను ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. వంద ఆవృత్తులకొకసారి మెమరీ వాడకాన్ని ఫైలులో రాసి గీతగా గీస్తే, రంపపు పళ్ల ఆకారం కనిపిస్తుంది. నిండడం, ఊడ్చుకోవడం వల్ల ఏర్పడే ఈ ఆకారం ఆరోగ్యకరమే. పళ్ల అడుగులు ఒకే మట్టంలో ఉంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు. అడుగులే పైకి జరుగుతుంటే ఏదో నిలిచిపోతున్నట్లు. ఆవృత్తికి 2 మెగాబైట్ల చొప్పున పెరుగుతూ, ఖాళీగా 5,000 మెగాబైట్లు ఉన్నదంటే, 2,500వ ఆవృత్తి దగ్గర గణన ఆగుతుందని సాయంత్రమే చెప్పవచ్చు.

లోపం సొంత ప్రోగ్రాములో గాక ఎవరో రాసిన ఉపకరణంలో ఉన్నప్పుడు సరిదిద్దడం విద్యార్థి చేతిలో ఉండదు. అప్పుడు గణనను ముక్కలు చేయాలి. 33 జిల్లాలకు 33 ప్రత్యేక ప్రాసెస్‌లుగా నడిపితే, ఒక జిల్లా ముగియగానే ఆపరేటింగ్ వ్యవస్థ దాని మెమరీ మొత్తాన్ని వెనక్కు తీసుకుంటుంది. మిగిలిపోవడానికి చోటే ఉండదు. పైథాన్‌లో సమాంతర పనివారిని నిర్ణీత పనుల తరువాత తొలగించి కొత్తవారిని పెట్టే అమరిక కూడా ఉంది. అయితే ఎనిమిది కోర్లు ఉన్నాయి కదా అని ఎనిమిది ప్రాసెస్‌లను ఒకేసారి వదిలితే, విండోస్‌లో వాతావరణ దత్తాంశం ఎనిమిది ప్రతులవుతుంది. పనివారికి మొత్తం దత్తాంశం ఇవ్వకుండా, తమ జిల్లా ఫైలును తామే చదువుకోనివ్వడం మంచిది.

ముక్కలు చేయడం వల్ల మరొక లాభం ఉంది. కరెంటు పోయినా, యంత్రం అర్ధరాత్రి తనంతట తాను అప్‌డేట్ చేసుకొని తిరిగి మొదలైనా, పూర్తయిన జిల్లాల ఫలితాలు డిస్కుమీద భద్రంగా ఉంటాయి. ప్రోగ్రాము వాటిని దాటి మిగిలిన వాటిని అందుకుంటుంది. ఇందుకు ఫలితాన్ని మొదట తాత్కాలిక పేరుతో రాసి, రాత ముగిశాకే అసలు పేరు పెట్టాలి. లేకపోతే సగం రాసిన ఫైలును పూర్తయినదిగా పొరబడే ప్రమాదం ఉంది. యాదృచ్ఛిక సంఖ్యలు వాడే గణనలలో ప్రతి ముక్క ఏ విత్తనసంఖ్యతో మొదలైందో ఫలితంతో పాటే నమోదు చేయాలి. అప్పుడు ఆదిలాబాదు ఫలితంపై అనుమానం వస్తే, మిగిలిన 32 జిల్లాలను కదపకుండా ఆ ఒక్కదానినే మళ్లీ నడిపి, అంకె అంకెకూ సరిచూసుకోవచ్చు.